ఆ దూరం కాదు

జూలై 1

కుడికాలి చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది. నేను పైకి వచ్చేశాను. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే ఒక్క కాలికే ఉంది. రెండోది ఎప్పుడు జారిందో కాలికి తెలియదు, నాకూ తెలియదు.

కాసేపటికి అత్తమ్మ గుడి నుంచి వచ్చింది. నా చెప్పుని చేత్తో ముట్టుకోకుండా, ఒక్కో మెట్టూ కాలితో పైకి నెట్టుకుంటూ తెచ్చింది. చెన్నైలో ఈ తంగసాల వీధి ఇంటి మెట్లు మామూలుగా ఎక్కడమే కష్టం. అరవై దాటిన మనిషి బంతాట ఆడుకుంటూ ఎక్కింది. "చెప్పు," అంది రొప్పుతూ. చెప్పు తీసుకోమంటోందో, ఏం జరిగిందో చెప్పమంటోందో అర్థం కాలేదు. తెలుగు పంతులమ్మని, పిల్లలకి నానార్థాలు చెప్పి జీతం తీసుకుంటాను. అయినా చెప్పు మాత్రం తీసుకుని ఊరుకున్నాను.

ఈ డైరీ జనవరిలో మా ఆయన కొట్టుకి పసుపు కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. చెప్పు జారిందని ఎవరికైనా చెబితే నవ్వుతారు. దీనికి ఆ బాధ లేదు.

నొప్పి కుడి పిర్రలో మొదలై, తొడ వెనకగా పిక్కలోకి, మడమ దాకా తీగ లాగినట్టు లాగుతుంది. ఏడాది పైనుంచి వస్తోంది, పోతోంది. పోతోంది కదా, అదే ముఖ్యం.

సాయంత్రానికి చిన్నగదిలో చాప దులిపి గోడకి ఆనించి ఉంది. నాకే ఇంకా రాలేదు! అత్తమ్మకి క్యాలెండరు బుర్రలోనే ఉంటుంది.

జూలై 3

దూరం.

మా ఇంట్లో దానికి అదే మాట. చిత్తూరులో మా పుట్టింట్లో 'బయట' అనేవాళ్ళు. స్కూల్లో టీచర్లు పీరియడ్స్ అంటారు, లెక్కల పీరియడ్ అన్నంత తేలిగ్గా. ఇక్కడ మాత్రం దూరం. చుట్టుపక్కల తమిళం వాళ్ళదీ అదే మాట. మూడు రోజులు చిన్నగది, చాప, నా కంచం, నా గ్లాసు. స్కూలుకి వెళ్ళి ఏడో తరగతి మొత్తానికి పాఠం చెప్పి రావచ్చు, ఇంట్లో ఉప్పు డబ్బా ముట్టుకోకూడదు. పెళ్ళైన కొత్తలో ఒళ్ళు మండేది. తర్వాత ఆలోచించాను. మూడు రోజులు వంట లేదు, అడిగేవాళ్ళు లేరు, కావలసినంత చదువుకోవచ్చు. నోరు మూసుకున్నాను.

మధు గడప అవతల కూర్చుని హోంవర్క్ చేసుకుంది. దానికి పదేళ్ళు. "అమ్మా, ఇన్నుం ఎత్తనె నాళ్ దూరం?" అని అడిగింది. తెలుగులో అడిగితే చెబుతానన్నాను. "ఇంకా ఎన్ని నాళ్ దూరం?" అంది. సగం తెలుగైనా వచ్చింది కదా అని సంతోషించాను. దాని తల నిమరాలనిపించింది. రేపు కాదు, ఎల్లుండి కాదు, ఆ తర్వాత.

చాప మీద ఇటు పొర్లితే ఒక నొప్పి, అటు పొర్లితే ఇంకో నొప్పి.

జూలై 4

చాపే. ఈ గచ్చు నేల చలవ. ఇంకేం కారణం ఉంటుంది.

అత్తమ్మ కూడా అదే అంది, గడప బయట నిలబడి. "నేల చలవ కాలికి దిగతాదమ్మా. నాకూ ఆ వయసులో దిగేది. నాలుగోనాడు తలకి పోసుకుంటే తగ్గతాది." పాపం, ఇంకో దుప్పటి మడిచి గడప ఇవతలికి విసిరింది.

జూలై 9

ఏమీ లేదు! నేనూ మధూ టి. నగర్ వెళ్ళాం. పాండీ బజార్ అంతా తిరిగి, దాని స్కూలు బూట్లు, నాకు రెండు నేత చీరలు, అత్తమ్మకి గడ్డి చేమంతి రంగు జాకెట్టు గుడ్డ కొన్నాం. కాలు కిక్కురుమనలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని ఆయన అడిగితే నవ్వాను. చాప నొప్పికి డాక్టరేమిటి.

జూలై 29

క్లాసులో పడ్డాను.

బోర్డు దగ్గర చిన్న ఎత్తు అరుగు ఉంటుంది. రోజూ ఎక్కేదే. పాదం లేవలేదు. లేచిందనుకున్నాను, వేళ్ళు అంచుకి తగిలాయి, బోర్లా పడ్డాను. పిల్లలు నవ్వారు, నేను వెంటనే లేవకపోయేసరికి నవ్వు ఆపేశారు. నవ్వుతూ ఉన్నా బాగుండేది. లేచి బోర్డు మీద 'కాలు' అని రాసి నానార్థాలు అడిగాను. పాదం, నాలుగో వంతు, మంటలో మండటం. మూడూ చెప్పారు. వెనక బెంచీ నుంచి ఎవరో "పడిపోయేది" అన్నారు. మార్కులు వేయాల్సిందే.

ఇంటికొచ్చేసరికి చాప దులిపి ఉంది.

ఆయనకి చెప్పక తప్పలేదు, మోచెయ్యి చూసి అడిగారు కనుక. వెంకట్రామ్ గారికి మిరపకాయ ఘాటు పది గజాల నుంచి తెలుస్తుంది, పెళ్ళాం కుంటుతోందని తెలియడానికి ఏడాది పట్టింది. ఆ మాటే అన్నాను. నవ్వలేదు. నా మోచేతికి మందు రాసిన చోటే మళ్ళీ రాశారు. పోట్లాడటానికి మనసు రాలేదు.

ఆగస్టు 3

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పేరు ఆనందన్. నెమ్మదస్తుడు. బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తాడు, వంచాడు, సుత్తితో కొట్టాడు. తెలుగు రాదు, నా తమిళం చాలు.

"వలి ఎప్పో అదిగం?" నొప్పి ఎప్పుడు ఎక్కువని అడిగాడు.

ఆయన పక్కనే ఉన్నారు. కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించి, "దూరమా ఇరుందా, డాక్టర్," అన్నాను, దూరమైతే అని. రెండు భాషల్లోనూ ఒకే మాట ఉండటం ఎంత మేలో అప్పుడు తెలిసింది.

డాక్టరు తల ఊపాడు. "కొంజమా? రొంబవా?"

కొద్దిగానా, ఎక్కువా అని ఇంత సూటిగా అడుగుతాడనుకోలేదు. "రొంబ," అన్నాను నేల చూస్తూ. ఆయన పైకప్పు చూశారు. డాక్టరు మాత్రం ముఖంలో ఏ మార్పూ లేకుండా టైపు చేసుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. నన్ను ఇంకేమీ చెప్పనివ్వలేదు, ఆ పుణ్యం ఊరికే పోదు. స్కాన్‌కి రాశాడు.

ఆగస్టు 10

పేరు దొరికింది. సయాటికా. నడుము కింద రెండు ఎముకల మధ్య డిస్కు కొంచెం ఉబ్బి నరాన్ని నొక్కుతోందట. స్కాన్‌లో ఉంది, నాకు కూడా వేలు పెట్టి చూపించాడు. మాత్రలు, నడుముకి బెల్టు, పొద్దున్నే వ్యాయామాలు.

పేరు ఉంటే ధైర్యంగా ఉంటుంది. స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. హిందీ టీచరుకీ ఉందట, వాళ్ళ ఆయనకీ ఉందట. పెద్ద కుటుంబంలో చేరినట్టుంది.

ఆగస్టు 19

మాత్రలు పనిచేస్తున్నాయి. మెట్లు ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను.

ఆగస్టు 25

మాత్రలు మర్చిపోకుండా వేసుకుంటున్నాను. అయినా.

ఆగస్టు 28

దూరం, రెండో రోజు. స్నానాల గదిలో పడ్డాను. బకెట్టు ఎత్తుతుంటే కుడికాలు అక్కడ లేనట్టే అయిపోయింది. తలుపు గడియ పెట్టుకోకపోవడం ఒక్కటే అదృష్టం.

చప్పుడుకి అత్తమ్మ పరిగెత్తుకొచ్చింది. మడి కట్టుకుని ఉంది, పూజ మధ్యలో. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకు కనిపించింది, కనిపించలేదని ఎవరికి చెప్పను. తర్వాత రెండు చేతులూ నా చంకల కింద పెట్టి లేపింది. "నీ బరువంతా నా మీద వెయ్యి. వెయ్యవే! నేనేం ఇరిగిపోను." తడి చీరతో, తడి జుట్టుతో ఆమె మెడ పట్టుకుని వేలాడాను. సాంబ్రాణి వాసన వేసింది. చిన్నగది దాకా నడిపించి, కూర్చోబెట్టి, నా తల తుడిచింది.

ఆ తర్వాత వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుంది. చెంబు చప్పుడు వినిపించింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కోపం మాత్రం ఎంత వెతికినా రాలేదు.

ఆగస్టు 29

స్కూలుకి సెలవు. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అత్తమ్మ, ఆయన కలిసి ఏదో లాక్కొస్తున్నారు. దూది పరుపు. అత్తమ్మ సొంత పరుపు, ఆవిడ పెళ్ళికి కుట్టించినది, ఏటా ఎండబెట్టి ఏకించుకునేది.

"ఇంక చాప వద్దు. దీని మీద పడుకో. నేల చలవ దీన్ని దాటి ఎట్ల వస్తాదో చూస్తా."

"దూరంలో పరుపు వాడకూడదంటారు కదత్తమ్మా. తర్వాత మీరు దీని మీద పడుకోరు."

"పడుకోను. నీకే ఇచ్చేస్తాండా. నోరు మూసుకోని పడుకోమ్మే."

ఇవాళ ఆమె ఉత్త మంచం మీద దుప్పటి పరుచుకుంది.

ఆగస్టు 30

"ఎట్ల ఉండాది?" అని గడప లోపలికి వచ్చి మరీ అడిగింది. చాలా తగ్గిందత్తమ్మా, అన్నాను. ఆమె ముఖం వెలిగింది. వీధిలో కూరలమ్మే మనిషికి కూడా చెబుతోంది, పరుపు మహిమ.

తగ్గలేదు. ఇసుమంతైనా తగ్గలేదు.

సెప్టెంబర్ 14

డాక్టరు నా కాలి బొటనవేలు మీద తన వేలు పెట్టి, పైకి ఎత్తమన్నాడు. ఎడమది ఎత్తాను. కుడిది ఎత్తుతున్నాననే అనుకున్నాను. "ఎత్తండి," అన్నాడు మళ్ళీ. ఎత్తుతున్నానండీ, అన్నాను. పక్కనున్న మా ఆయన నా వేలు వంక, తర్వాత నా వంక చూశారు.

నరం బలం తగ్గుతోందట. ఇలాగే వదిలేస్తే పాదం వేలాడిపోతుందట, తర్వాత ఏం చేసినా లేవకపోవచ్చట. డిస్కు ఆపరేషన్ చేయాలి. ఇరవై ఏడో తేదీ ఇచ్చాడు. అంతకు ముందు ఇరవై నాలుగున ఒకసారి రమ్మన్నాడు.

సెప్టెంబర్ 15

పాదం లేవకపోతే అరుగు ఎక్కలేను. ఈ మెట్లు దిగలేను. కూర్చుని చెప్పే పాఠం పాఠమా? నేను పంతులమ్మని. పదిహేనేళ్ళుగా నిలబడి ఉన్నాను.

భయంగా ఉంది. ఇంకో మాట రాయబోయి కొట్టేశాను, భయమే సరైన మాట.

సెప్టెంబర్ 22

స్కూల్లో ఫైల్ ఇచ్చి రావాలని బయల్దేరితే అత్తమ్మ వెంట వచ్చింది. "నువ్వు పో, నేను వెనక వస్తా." ఎందుకంటే చెప్పలేదు. జవుళి కొట్లు దాటి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి "నిలబడు" అని కేక. తిరిగి చూస్తే నడిరోడ్డు మీద, హారన్ల మధ్య, వంగి నా చెప్పు తీస్తోంది. ఈసారి చేత్తో. తెచ్చి నా పాదం ముందు పెట్టింది.

"అత్తమ్మా, మీరు నా చెప్పు..."

"నీకు జారింది తెలీడంలే గదా. తెలిసేదాకా నేను వెనకాల నడస్తా."

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పు తొడుక్కుంటుంటే నా మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంటి దాకా వదల్లేదు.

సెప్టెంబర్ 24

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

దూరం నిన్ననే వచ్చింది. అత్తమ్మ ఆసుపత్రికి వస్తానని కూర్చుంది. "వెన్నెముక మీద కత్తి పెడతానంటే నేను ఆ డాక్టరు ముఖం చూడద్దా?" ముగ్గురం వెళ్ళాం. ఆటోలో నాకూ ఆయనకీ మధ్య ఆవిడే కూర్చుంది, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఇవాళ రెండో రోజని తెలిసీ.

డాక్టరు వెన్నెముక బొమ్మ చేతిలో పట్టుకుని, ఎక్కడ కోస్తాడో, ఎంత తీస్తాడో చూపించాడు. అత్తమ్మ బొమ్మ వంక చూడలేదు, డాక్టరు ముఖమే చూసింది. ఆవిడకి ధైర్యం చెబుదామనుకున్నాడు కాబోలు, "కవలపడాదింగమ్మా. ఆపరేషన్ ముడింజా, ఎవ్వళవు దూరమానాలుం వలిక్కాదు," అన్నాడు. కంగారు పడకండమ్మా, ఆపరేషన్ అయిపోతే ఎంత దూరమైనా నొప్పి ఉండదు అని.

అత్తమ్మ సగం తమిళం, సగం తెలుగు కలిపి అడిగింది. "ఎంత దూరమైనానా? అంటే దూరం నిలిచిపోతాదా ఏంది?"

డాక్టరు నవ్వి తమిళంలోనే అన్నాడు. "ఎందుకు నిలుస్తుంది? ఒక కిలోమీటర్, రెండు కిలోమీటర్లు..."

"కిలోమీటర్లా!"

అప్పుడు తగిలింది నాకు. కొంజమా, రొంబవా. డాక్టరు ఎంత దూరం నడిస్తే నొప్పి అని అడిగాడు. నేను ఏమనుకుని రొంబ అన్నాను! చెవులు వేడెక్కిపోయాయి. ఇప్పుడు నేను నోరు తెరిచి చెప్పాలి. తెలుసు. నడుము బెల్టు సర్దుకున్నాను. మా ఆయన మళ్ళీ పైకప్పు చూస్తున్నారు.

అత్తమ్మ కుర్చీ అంచుకి జరిగింది. పైట భుజం చుట్టూ కప్పుకుంది. "ఆ దూరం కాదు," అంది.

డాక్టరు బొమ్మతో సహా ఆగిపోయాడు.

"నడిచే దూరం కాదు డాక్టరయ్యా. ఆడోళ్ళ దూరం. నెలనెలా వచ్చేది." డాక్టరు ముఖంలో ఇంకా అనుమానం ఉందేమోనని కళ్ళు మూసుకుని, "పీరియట్సు," అంది గట్టిగా.

టీవీలో ఆ ప్రకటన వస్తే రిమోటు కోసం సోఫా అంతా వెతికే మనిషి. మగ డాక్టరు ముందు, కన్నకొడుకు ముందు. మామయ్య గారు బతికున్నన్నాళ్ళూ ఆయన ముందు కూడా అని ఉండదు.

డాక్టరు బొమ్మ కింద పెట్టాడు. "నొప్పి అప్పుడే వస్తుందా అమ్మా?"

"అప్పుడు ఎక్కువ. రెండు నాళ్ళు ముందరే మొదలవతాది. మెట్ల మీద దీని కాలు ఈడ్చే చప్పుడు వింటా. విని, సరి, వస్తాందని చాప దులిపి పెడతా. ఎప్పుడూ తప్పలేదు."

"చాప ఎందుకు?"

"మా ఇంట్లో ఆ మూడు నాళ్ళూ చాపే. నేల చలవకి కాలు పట్టేసిందనుకున్నాం..." అని ఆగింది. నా వైపు తిరిగింది. ఈసారి అచ్చంగా తెలుగులో, చాలా నెమ్మదిగా మాట్లాడింది. "కుంటేది విని గదా నేను చాప తీస్తా. అప్పుడు చాప వల్ల ఎట్ల అవతాది హైమా?"

జూలై, ఆగస్టు, సెప్టెంబర్ అని వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను.

"పరుపు మీద తగ్గిందన్నావే?"

"లేదత్తమ్మా. తగ్గలేదు. మీరు సంతోషిస్తారని అన్నాను."

కొట్టేటట్టు చూసింది. తర్వాత నా చెయ్యి మళ్ళీ తీసుకుంది.

డాక్టరు అప్పట్లో తను టైపు చేసుకున్నది మళ్ళీ చదివాడు. తర్వాత, "ఇది నేను అడగవలసిన ప్రశ్న. అడగలేదు," అన్నాడు. ఈ వయసులో స్కాన్ తీస్తే డిస్కు ఉబ్బు చాలామందికి కనిపిస్తుందట, నొప్పికి ప్రతిసారీ అదే కారణం కానక్కర్లేదట. గర్భసంచి లోపలి పొర లాంటిది కొందరికి గర్భసంచి బయట కూడా పెరుగుతుందట. ఎక్కడ పెరిగినా, నెలనెలా అదీ ఉబ్బుతుంది. చాలా అరుదుగా అది కాలికి దిగే పెద్ద నరం మీద పెరుగుతుందట. ఇరవై ఏడో తేదీ ఆపరేషన్ ఆపేశాడు. పై అంతస్తులో డాక్టర్ సరణ్య అని ఆడవాళ్ళ డాక్టరుకి అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. ఇంకో స్కాన్ తీయాలి, నడుముకి కాదు, కటి భాగానికి. దూరంలో ఉండగానే తీస్తే బాగా కనిపిస్తుందట. డాక్టరు కూడా 'దూరం' అనే అన్నాడు, అత్తమ్మ వంక చూసి.

సెప్టెంబర్ 25

నానార్థాల పాఠం పదిహేనేళ్ళు చెప్పాను. దూరం అన్న మాట నా జాబితాలో ఎప్పుడూ లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు.

అక్టోబర్ 5

దొరికింది. నరం కటి ఎముక దాటి కాలిలోకి దిగే చోట, కుడివైపు, చింతగింజంత. డాక్టర్ సరణ్య తెర మీద చూపించింది. నా కంటే చిన్నది, చకచకా మాట్లాడుతుంది, నాకు అర్థమయ్యేదాకా వదలదు. "మీకు ఇది ఎప్పట్నుంచో చెబుతూనే ఉంది, నెలనెలా," అంది తమిళంలో. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి లోపలికి వెళ్ళి, నరం మీద నుంచి దాన్ని ఒలిచి తీయాలి. తర్వాత అది మళ్ళీ పెరగకుండా కొన్నాళ్ళు మాత్రలు.

"పాదం లేస్తుందా?" అని అడిగాను.

"లేవాలి. ఇంకా ఆలస్యమై ఉంటే నేనీ మాట చెప్పేదాన్ని కాదు. నరం కదా, నిదానంగా వస్తుంది."

ఇరవై ఏడున వెన్నెముక మీద కత్తి పడి ఉంటే, అది అక్కడే ఉండేది, నేను డిస్కు నయమవుతోందని నమ్ముతూ ఉండేదాన్ని. నమ్మడంలో నాకు సాటి లేరు.

ఇంటికొచ్చే దారిలో, ఏటా కొండకి ఊరేగింపుగా వెళ్ళే తిరుపతి గొడుగులకి కట్టిన పందిళ్ళు ఇంకా విప్పలేదు. ఈ ఏడాది అత్తమ్మ గొడుగులు చూడటానికి వెళ్ళలేదు. నన్ను వదిలి వెళ్ళలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

అక్టోబర్ 16

రేపు.

మధు నా కుడి పాదం మీద పెన్నుతో నవ్వే ముఖం గీసింది. తుడవద్దంది.

అక్టోబర్ 21

ఇల్లు. పొట్ట మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు. తీసేశారట, నరం తెగలేదట. అది తప్ప వేరే ఏదీ వినలేదు నేను.

నవంబర్ 18

ఈ వారం రావలసింది రాలేదు. మాత్రలు వేసుకుంటున్నన్నాళ్ళూ రాదని డాక్టర్ సరణ్య ముందే చెప్పింది. దూరం లేదు. నొప్పి కోసం రెండు రోజులు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అదీ రాలేదు. తొడ వెనక ఎవరూ తీగ లాగలేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను, హాయిగా.

అత్తమ్మ చాప చుట్టి అటక మీద పడేసింది. "పావం, దానికి పని లేకుండా పోయిందే." మధుకి వచ్చినప్పుడు ఏం చేస్తారని అడిగాను. చేతుల దుమ్ము దులుపుకుంది. "అప్పుడు చూద్దాంలే. చాప మాత్రం దించను," అంది. అంతకంటే అడగలేదు. ఆమె దగ్గర అదే ఎక్కువ.

డిసెంబర్ 9

బొటనవేలు! కొద్దిగా, గింజంత, కానీ లేచింది. అత్తమ్మని పిలిచి చూపించాను. "ఇంకోసారి," అంది. చూపించాను. "ఇంకోసారి." ఆయన్ని కొట్టు నుంచి ఫోన్ చేసి పిలిపించింది. పసుపు చేతులతో వచ్చి నేల మీద కూర్చుని చూశారు. ఈసారి పైకప్పు చూడలేదు. "ఇంకోసారి చూపించు హైమా," అన్నారు ఆయన కూడా.

జనవరి 22

ఇవాళ స్కూలుకి నడిచి వెళ్ళాను. సెలవు తర్వాత మొదటి రోజు.

ఆయన ఆటో పిలుస్తానన్నారు, వద్దన్నాను. మెట్లు దిగాను, గోడ పట్టుకుని, ఒక్కొక్కటే. అత్తమ్మ తన చెప్పులు వేసుకుని అప్పటికే కింద నిలబడి ఉంది. "నువ్వు పో, నేను వెనక వస్తా."

పొద్దున్న వీధి ఖాళీగా ఉంది. కొట్ల ముందు నీళ్ళు చల్లుతున్నారు. పాదం ఇంకా మామూలు పాదం కాదు, ప్రతి అడుగూ మనసులో అనుకుని వేయాలి. మడమ, వేళ్ళు. మడమ, వేళ్ళు. చెప్పు ఉందా అని మొదట్లో కిందికి చూసుకుంటూ నడిచాను. ఉంది. మలుపు దగ్గర కూడా ఉంది. అక్కడి నుంచి కిందికి చూడటం మానేశాను. స్కూలు గేటు కనిపించింది. బోర్డు, అరుగు, ఏడో తరగతి పిల్లలు అన్నీ తలపుకొచ్చి, నాకు తెలియకుండానే అడుగు పెద్దదైంది.

వెనక నుంచి రొప్పుతూ కేక వినిపించింది. "ఆగవే హైమా! దూరమైపోతాండావు!"

తిరిగి చూశాను. రోడ్డు అవతల ఆగిపోయి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. ఆమె చేతిలో చెప్పు లేదు.

ఆమె వచ్చేదాకా నిలబడ్డాను.